ఈఎస్‌సీ ఉన్న కారు: లైటు ఏం చెబుతోంది, బటన్ ఎప్పుడు నొక్కాలి, బండి జారితే ఏం చేయాలి

డ్యాష్‌బోర్డు మీద పసుపు రంగులో ఒక చిన్న కారు బొమ్మ, దాని కింద రెండు వంకర గీతలు. బండి ఆన్ చేయగానే వెలుగుతుంది, కొన్ని సెకన్లలో ఆరిపోతుంది. బెంగళూరులో కొత్తగా కారు కొన్నవాళ్లలో చాలామందికి దానితో ఉన్న పరిచయం అంతవరకే. మొదటి పెద్ద వానకి అది టపటపా కొట్టుకుంటే కంగారుపడి సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేస్తారు. నిజానికి అలా కొట్టుకుంటోందంటే సిస్టమ్ తన పని తాను చేస్తోందన్నమాట. పట్టించుకోవాల్సింది ఆ లైటు ఆరకుండా నిలకడగా వెలుగుతున్నప్పుడు. విచిత్రం ఏమిటంటే, అప్పుడు మాత్రం "బండి బాగానే నడుస్తోంది కదా" అని నెలలు గడిపేస్తారు.

ఆ బొమ్మ ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్‌ది, అంటే జారుతున్న బండిని పట్టి దారిలో పెట్టే సిస్టమ్‌ది. కంపెనీని బట్టి పేరు మారుతుంది. హ్యుందాయ్, కియా ఈఎస్‌సీ అంటాయి. మారుతి, మెర్సిడెస్ వాళ్లకు ఈఎస్‌పీ, టొయోటాకు వీఎస్‌సీ, హోండాకు వీఎస్ఏ, బీఎండబ్ల్యూకు డీఎస్‌సీ. పని అన్నిటిదీ ఒకటే. 1995లో కారు విడిభాగాల కంపెనీ బాష్, మెర్సిడెస్ కలిసి పెద్ద కార్లలో తెచ్చాయి. 1997లో మెర్సిడెస్ ఏ-క్లాస్, రోడ్డుకు అడ్డొచ్చిన జంతువును తప్పించే తరహా పరీక్షలో స్వీడన్‌లో బోల్తా పడింది. దాంతో కంపెనీ ఆ చిన్న కారుకూ ఈఎస్‌పీ బిగించాల్సి వచ్చింది, అక్కడి నుంచి ఇది ఖరీదైన కార్ల సొత్తుగా మిగల్లేదు. మన దగ్గర కార్ల భద్రతకు స్టార్లు ఇచ్చే భారత్ ఎన్‌క్యాప్‌లో మూడు స్టార్లు గానీ, అంతకంటే ఎక్కువ గానీ రావాలంటే ఈఎస్‌సీ ఉండి తీరాలి.

ఏబీఎస్, అంటే గట్టి బ్రేకులో చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది, ఉంది కాబట్టి ఈఎస్‌సీ కూడా ఉన్నట్టే అనుకోకండి. 2019 ఏప్రిల్ నుంచి అమ్మే కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది. ఈఎస్‌సీ మాత్రం చాలా మోడళ్లలో కొన్నేళ్లపాటు పై వేరియంట్లకే ఇచ్చారు. సెకండ్ హ్యాండ్ కారు చూస్తున్నప్పుడు ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ ఆన్ చేసి డ్యాష్‌బోర్డు గమనించండి. ఈఎస్‌సీ ఉన్న బండిలో ఆ బొమ్మ వెలిగి ఆరాలి. అసలు వెలగలేదంటే, ఆ వేరియంట్‌లో ఈఎస్‌సీ లేకపోయి ఉండాలి, లేదా లోపం బయటపడకుండా ఎవరో లైటుతో ఆటలాడి ఉండాలి. రెండోదైతే ఆ కారు జోలికి పోకపోవడమే మేలు.

ఇది ఏం చేస్తుంది, ఏం చేయలేదు

నాలుగు చక్రాల దగ్గర నాలుగు వేగం సెన్సర్లు ఉంటాయి. స్టీరింగ్ ఎంత తిరిగిందో చెప్పేది ఒకటి. బండి తన చుట్టూ తాను ఎంత వేగంగా తిరుగుతోందో, పక్కకు ఎంత బలంగా లాగుతోందో కొలిచేది ఇంకొకటి, సాధారణంగా సీట్ల మధ్య కన్సోల్ కింద. మీరు స్టీరింగ్ తిప్పిన తీరును బట్టి బండి ఎటు పోవాలో కంప్యూటర్ లెక్క కడుతుంది, నిజంగా ఎటు పోతోందో సెన్సర్లు చెబుతాయి. బాష్ చెప్పే ప్రకారం ఈ పోలిక సెకనుకు 25 సార్లు జరుగుతుంది. తేడా వస్తే ఇంజిన్ పవర్ తగ్గించి, అవసరమైన చక్రానికి మాత్రమే బ్రేక్ వేస్తుంది. ఎంత చేయి తిరిగిన డ్రైవరైనా పెడల్‌తో ఒక్క చక్రాన్ని విడిగా పట్టి ఆపలేడు.

ఎడమ మలుపునే తీసుకుందాం. తడి రోడ్డు, స్పీడు కాస్త ఎక్కువైంది. ముందు టైర్లు జారితే బండి తిరగకుండా నేరుగా, అంటే ఎదుటి లేన్‌లోకి పోతుంది. ఈఎస్‌సీ అప్పుడు ఎడమ వెనక చక్రాన్ని పట్టుకుంటుంది, దాంతో బండి ముక్కు మలుపు లోపలికి తిరుగుతుంది. అదే వెనక టైర్లు జారితే బండి వెనక భాగం కుడికి విసిరినట్టు పోతుంది. అప్పుడు కుడి ముందు చక్రానికి బ్రేక్ వేసి ఆ తిరుగుడును ఆపుతుంది. ఇదంతా మీకు తెలిసేలోపే అయిపోతుంది.

దీని హద్దు కూడా అంతే స్పష్టం. ఈఎస్‌సీ జీతం పెంచదు, ఉన్న జీతంతోనే ఇల్లు నడుపుతుంది. ఇక్కడ జీతం అంటే టైరుకు రోడ్డు ఇచ్చే పట్టు. 50 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపు, అంటే ఫ్లైఓవర్ దిగే లూప్ లాంటిది అనుకోండి. పొడి తారు మీద పట్టు గుణకం 0.8 ఉంటే ఆ మలుపు తిరగగలిగే గరిష్ఠ వేగం గంటకు సుమారు 71 కిలోమీటర్లు. వానకు అది 0.4కి పడిపోతే 50. రోడ్డు మీద మట్టి, ఇసుక పరచుకుని 0.3 అయితే 44. ఈఎస్‌సీ ఉన్నా లేకున్నా ఈ అంకెలు మారవు. పైగా పట్టు అవసరం వేగానికి వర్గంగా పెరుగుతుంది. 50 నుంచి 60కి వెళ్తే స్పీడు పెరిగింది 20 శాతమే, టైర్ల మీద పడే పక్క భారం మాత్రం 44 శాతం పెరుగుతుంది. "పది కిలోమీటర్లే కదా" అన్న మాట మలుపులో చెల్లదు.

హద్దు దాటకుండా పట్టు తప్పిన సందర్భాల్లో మాత్రం ఇది ప్రాణాలు కాపాడే వస్తువే. ఒకే వాహనం అదుపు తప్పి జరిగే ప్రాణాంతక ప్రమాదాలు దీనివల్ల దాదాపు సగం తగ్గుతాయని అమెరికాలోని హైవే భద్రతా సంస్థ ఐఐహెచ్ఎస్ లెక్క తేల్చింది. ముందు బండికి ఆనుకుని నడిపేవాళ్లకు మాత్రం ఇది ఏ సాయమూ చేయదు. దూరం తగ్గడం దీని సెన్సర్లు చూసే విషయం కాదు.

లైటు చదవడం

బండి ఆన్ చేయగానే వెలిగి ఆరిపోతే అంతా బాగున్నట్టు. నడుస్తుండగా వేగంగా కొట్టుకుంటే, ఆ క్షణంలో ఏదో చక్రం జారింది, సిస్టమ్ సరిచేస్తోంది. అప్పుడు మీరు చేయాల్సింది ఒకటే, స్పీడు తగ్గించడం.

బొమ్మ కింద ఆఫ్ అన్న అక్షరాలతో వెలుగుతుంటే ఎవరో బటన్ నొక్కారు. కడిగే కుర్రాడో, వ్యాలే పార్కింగ్ అబ్బాయో, ముందు సీట్లో కూర్చున్న పిల్లలో. చాలా కార్లలో ఆ బటన్ స్టీరింగ్‌కు కుడివైపు, మోకాలి పైన ఉంటుంది, తెలియకుండా తగలడం మామూలే. మళ్లీ ఒకసారి నొక్కితే ఆరిపోవాలి.

ఆఫ్ అక్షరాలు లేకుండా బొమ్మ నిలకడగా వెలుగుతుంటే అది లోపం. బండి మామూలు కారులా నడుస్తుంది, బ్రేకులు పడతాయి, జారినప్పుడు పట్టుకునే చెయ్యి మాత్రం లేదు. దానితో పాటు ఏబీఎస్ లైటు కూడా వెలిగితే గట్టి బ్రేకులో చక్రాలు బిగుసుకుపోతాయి కాబట్టి ముందు బండికి రెట్టింపు దూరం వదలండి. ఇక ఎర్రటి బ్రేక్ లైటు కూడా కలిస్తే మాత్రం ఇంటిదాకా లాగించే ప్రయత్నం వద్దు. పక్కకు ఆపి బ్రేక్ ఆయిల్ చూసి, టోయింగ్‌కు ఫోన్ చేయండి.

టైర్లు

ఈఎస్‌సీ చెప్పే ప్రతి ఆదేశమూ చివరికి టైరు ద్వారానే రోడ్డుకు చేరుతుంది. అందుకే ఈ భాగం కాస్త ఓపిగ్గా చదవండి.

మొదట గాలి. పెట్రోల్ బంకులో అబ్బాయి "ఎంత సార్?" అనగానే అలవాటుగా 35 అనేస్తాం. సరైన అంకె డ్రైవర్ తలుపు తీస్తే కనిపించే స్టిక్కర్ మీద ఉంటుంది. ఇద్దరికి ఒకటి, నిండు బరువుకు ఇంకొకటి. ఆ అంకె చల్లటి టైరుకు చెప్పింది. బండి మూడు గంటలు ఆగి ఉండాలి, లేదా రెండు కిలోమీటర్లకు మించి నడిచి ఉండకూడదు. మారతహళ్లి ట్రాఫిక్‌లో గంట నడిపి కొలిస్తే ఎక్కువ చూపిస్తుంది, దాన్ని చూసి గాలి తీసేస్తే పొద్దున్నకు తక్కువైపోతుంది. వాతావరణం 10 డిగ్రీలు చల్లబడితే గాలి ఒత్తిడి సుమారు ఒకటిన్నర నుంచి రెండు పీఎస్ఐ తగ్గుతుంది. నెలకు రెండుసార్లు చూసుకుంటే చాలు, ఊరికి బయల్దేరే ముందు మాత్రం తప్పనిసరి.

తర్వాత గాడి లోతు. చట్టం ఒప్పుకునేది 1.6 మిల్లీమీటర్ల వరకు. టైరు గాడిలో అడ్డంగా కనిపించే చిన్న దిమ్మెలు ఆ ఎత్తుకే ఉంటాయి. వాన నీటిని బయటికి నెట్టే శక్తి అంతకంటే చాలా ముందే పోతుంది, కాబట్టి 3 మిల్లీమీటర్లకు వచ్చాక ఇంకో వానాకాలం లాగొద్దు. లోతు కొలిచే గేజి చవకగా దొరుకుతుంది. లోపలి అంచు, మధ్య, బయటి అంచు, మూడు చోట్లా కొలవండి. ఒక్క లోపలి అంచే అరిగితే వీల్ అలైన్‌మెంట్ తప్పినట్టు.

రెండే టైర్లు మారుస్తుంటే కొత్తవి వెనక్కి వేయించండి. షాపులో దాదాపు ఎప్పుడూ ముందుకే వేస్తామంటారు. ఇంజిన్ లాగేది ముందు చక్రాలనే, అరిగేవీ అవే అన్నది వాళ్ల లెక్క. కానీ ముందు టైర్లు జారితే బండి నేరుగా పోతుంది, స్పీడు తగ్గితే చాలావరకు తిరిగి దారికొస్తుంది. వెనక టైర్లు జారితే బండి గిర్రున తిరిగిపోతుంది, అరిగిన వెనక టైర్లున్న బండిలో ఈఎస్‌సీ ఎక్కువసార్లు, ఎక్కువ కష్టపడి పని చేయాల్సి వస్తుంది. షాపులో వాదించాల్సి వచ్చినా వాదించండి.

నాలుగు టైర్లూ ఒకే సైజు ఉండాలి. ఒక చక్రం చుట్టుకొలత తేడాగా ఉంటే అది మిగతావాటికంటే వేగంగానో నెమ్మదిగానో తిరుగుతుంది, కంప్యూటర్‌కు అది జారుడులా కనిపిస్తుంది. అల్లాయ్‌లతో వచ్చే చాలా కార్లలో స్టెప్నీ ఒక సైజు చిన్నది, దాని మీద గంటకు 80 కిలోమీటర్ల హద్దు అని స్టిక్కర్ కూడా ఉంటుంది. అది వేసుకున్నప్పుడు లైటు వెలగొచ్చు, వెలగకపోయినా ఈఎస్‌సీ లెక్క తప్పొచ్చు. పంక్చర్ షాపుకి ఆ రోజే వెళ్లండి, "వచ్చే వారం చూద్దాం" అని స్టెప్నీ మీద అనంతపురం బయల్దేరొద్దు.

టైరు వయసు పక్క గోడ మీద నాలుగంకెల్లో ఉంటుంది. 2322 అంటే 2022లో 23వ వారం. గాడి నిండుగా ఉన్నా రబ్బరు గట్టిపడితే తడిలో పట్టు ఉండదు. తక్కువ తిరిగే రెండో కార్లకు, ఇంట్లో పెద్దవాళ్లు వారానికోసారి గుడికి తీసే కార్లకు ఈ సమస్య ఎక్కువ.

బెంగళూరులో బండి ఎక్కడ జారుతుంది

వానాకాలం సంగతి అందరికీ తెలుసు. ఎక్కువమంది దెబ్బతినేది ఏప్రిల్, మే నెలల్లో పడే మొదటి జల్లులకు. నెలల తరబడి రోడ్డు మీద చేరిన ఆయిల్, దుమ్ము, టైరు పొడి కలిసి మొదటి పావుగంట జిగురులా తయారవుతాయి. వాన జోరందుకుని కడిగేస్తే పట్టు కొంత తిరిగి వస్తుంది. కాబట్టి చినుకులు మొదలైన వెంటనే స్పీడు తగ్గించండి, కుండపోత అయ్యేదాకా ఆగకండి.

వాన లేని రోజున వాటర్ ట్యాంకర్లున్నాయి. ఎండాకాలం వైట్‌ఫీల్డ్, సర్జాపుర రోడ్డు వైపు ట్యాంకరు హంప్ ఎక్కి దిగిన ప్రతిచోటా పైనుంచి నీళ్లు తొణికి రోడ్డంతా పొడిగా, అక్కడొక్కటే తడిగా ఉంటుంది. డ్రైవర్ కన్ను పొడి రోడ్డుకు అలవాటుపడి ఉంటుంది. కొత్త బిల్డింగుల దగ్గర టిప్పర్లు చక్రాలకు పట్టిన ఎర్రమట్టిని మెయిన్ రోడ్డు దాకా తెచ్చి వదులుతాయి, దాని మీద నాలుగు చినుకులు పడితే సబ్బే.

ఫ్లైఓవర్ల జాయింట్ల దగ్గరి ఇనుప పట్టీలు, మెట్రో పని జరిగే చోట పరిచిన ఇనుప పలకలు, మందంగా వేసిన జీబ్రా రంగు, ఇవన్నీ తడిస్తే తారు కంటే బాగా జారతాయి. వాటి మీద ఉండగా బ్రేకూ వేయొద్దు, స్టీరింగూ తిప్పొద్దు. ముందే తగ్గించి నేరుగా దాటండి. జనవరి నుంచి మార్చి దాకా రోడ్లను గులాబీ రంగుతో కప్పే టబెబుయా పూలు, ఆ తర్వాత గుల్‌మొహర్ రేకులు చూడ్డానికి ఎంత బాగుంటాయో తడిస్తే అంత ప్రమాదం.

అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్ ర్యాంపు ఎక్కేటప్పుడు కూడా ఈ లైటు కొట్టుకోవడం చూస్తారు. తడి టైర్లు, నున్నటి సిమెంటు. ట్రాక్షన్ కంట్రోల్, అంటే చక్రం పట్టు లేకుండా ఖాళీగా తిరగనివ్వనిది, పవర్ కోసేస్తుంది, బండి మధ్యలో నీరసపడుతుంది, మీరు ఇంకా తొక్కుతారు, అది ఇంకా కోస్తుంది. పద్ధతి ఏమిటంటే, ర్యాంపు ముందు కాస్త ఊపు తీసుకుని, యాక్సిలరేటర్‌ను ఒకే స్థాయిలో పెట్టి ఆగకుండా ఎక్కేయడం. మధ్యలో ఆగాల్సి వస్తే హిల్ హోల్డ్ సుమారు రెండు సెకన్లు బ్రేక్ పట్టి ఉంచుతుంది. అంతకంటే ఎక్కువ దాని మీద నమ్మకం పెట్టుకోవద్దు, ఆలస్యమయ్యేలా ఉంటే హ్యాండ్ బ్రేక్ లాగండి.

జారిన క్షణంలో

ముందు ఇది తెలియాలి. ఈఎస్‌సీ పని చేస్తున్నప్పుడు కింద గుర్రుమని మోత వస్తుంది, పెడల్ వణుకుతుంది, యాక్సిలరేటర్ తొక్కినా బండి స్పందించదు. ఇవన్నీ మామూలే. ఏదో విరిగిందనుకుని ఆ క్షణంలో అన్నీ వదిలేసేవాళ్లు చాలామంది.

1. ఎటు పోవాలో అటు చూడండి. డివైడర్‌ను చూస్తే చేతులు డివైడర్ వైపే తిప్పుతాయి.

2. స్టీరింగ్‌ను చూసిన దారికి, కావాల్సినంతే తిప్పండి. చేతులు గడియారంలో 9, 3 అంకెల దగ్గర ఉంటే ఎంత తిప్పారో మీకే తెలుస్తుంది.

3. యాక్సిలరేటర్ మీద కాలు మెల్లగా తీయండి. గేరు మార్చే పని ఇప్పుడు పెట్టుకోవద్దు.

4. ఎదురుగా అడ్డం ఉంటే బ్రేక్ పూర్తిగా తొక్కి పట్టండి. పెడల్ తన్నినట్టు అనిపించినా వదలొద్దు, పాత బండ్లలోలా తొక్కి వదిలి తొక్కి వదిలి చేయొద్దు. ఏబీఎస్ ఆ పని మీకంటే వేగంగా చేస్తుంది, బ్రేక్ పడుతుండగానే స్టీరింగ్ కూడా తిరుగుతుంది.

5. హ్యాండ్ బ్రేక్ ముట్టుకోవద్దు. వెనక చక్రాలు బిగుసుకుంటే ఈఎస్‌సీ చేసినదంతా వృథా.

పాత డ్రైవర్లు చెప్పే "వెనక జారితే స్టీరింగ్ పూర్తిగా ఎదురు కొట్టు" అన్న సలహాను ఈ కార్లలో జాగ్రత్తగా తీసుకోవాలి. ఈఎస్‌సీకి మీ మనసు తెలిసేది స్టీరింగ్ ద్వారానే. భయంతో మీరు పూర్తిగా కుడికి కొడితే, మీరు కుడికే పోదలచుకున్నారని అది నమ్ముతుంది. పట్టు దొరికిన మరుక్షణం బండి అటే దూకుతుంది. దారికి సరిపడా తిప్పి, మిగతాది దానికి వదిలేయండి.

పబ్లిక్ రోడ్డు మీద దీన్ని పరీక్షించి చూడాలన్న సరదా వద్దు. బ్రేక్ పెడల్ వణుకు ఎలా ఉంటుందో తెలుసుకోవాలంటే ఖాళీ ప్రైవేటు స్థలంలో, సీటు బెల్టు పెట్టుకుని, 40 స్పీడులో నేరుగా వెళ్తూ ఒకసారి గట్టిగా బ్రేక్ వేసి చూడండి. మలుపుల ప్రయోగాలు శిక్షకుడున్న ట్రాక్ మీద చేసేవి.

ఆఫ్ బటన్

అది ఉన్నది ముఖ్యంగా బురదలోంచి బయటపడటానికి. దేవనహళ్లి, హొసకోటె వైపు లేఅవుట్ చూడ్డానికి వెళ్లి మెత్తటి నేలలో దిగబడ్డారనుకోండి. చక్రం తిరగగానే ట్రాక్షన్ కంట్రోల్ పవర్ కోస్తుంది, బండి కదలదు. క్రమం ఇది:

ముందు ఏదీ ఆఫ్ చేయకుండా, మాన్యువల్ అయితే రెండో గేరులో, మెల్లగా ప్రయత్నించండి. కదలకపోతే దిగి చక్రాల ముందు మట్టి తీసి రాళ్లో, కొమ్మలో, కాళ్ల కింది మ్యాట్లో వేయండి. స్టీరింగ్ నేరుగా పెట్టండి. ఇప్పుడు బటన్ ఒకసారి కొద్దిగా నొక్కండి. చాలా కార్లలో ఇది ట్రాక్షన్ కంట్రోల్‌ను మాత్రమే ఆపుతుంది. మెల్లగా ముందుకు, వెనక్కి ఊపుతూ బయటికి తీయండి. కుదరకపోతే బటన్ మూడు సెకన్లకు మించి నొక్కి పట్టండి, హ్యుందాయ్, కియా లాంటి కార్లలో ఈఎస్‌సీ కూడా ఆగుతుంది. చక్రాలు ఖాళీగా తిరుగుతుంటే కొన్ని సెకన్లలో ఆపేయండి, అది బండిని ఇంకా లోతుకు తవ్వుతుంది, గేర్‌బాక్స్‌ను వేడెక్కిస్తుంది. వెనక ఎవరూ నిలబడకుండా చూసుకోండి, రాయి ఎగిరితే తుపాకి గుండే.

గట్టి నేల మీదికి రాగానే బటన్ నొక్కి లైటు ఆరిందో లేదో చూసి అప్పుడు రోడ్డెక్కండి. బండి ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే చాలా కార్లలో తనంతట తానే ఆన్ అవుతుంది. కొన్ని కార్లలో బటన్ ఉండదు, స్క్రీన్ మెనూలోనో, మడ్, శాండ్ మోడ్‌లలోనో ఉంటుంది. మాన్యువల్‌లో ఆ ఒక్క పేజీ చదివి ఉంచుకోండి, బురదలో నిలబడి వెతికే విషయం కాదది.

మైలేజీ పెరుగుతుందనో, పికప్ బాగుంటుందనో ఆఫ్ చేసి తిరిగేవాళ్లున్నారు. చక్రం జారనంతవరకు అది దేన్నీ ఆపదు, కాబట్టి వాళ్లకు ఒరిగేదేమీ లేదు.

హైవే, ఘాట్

మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే మీద కార్లకు హద్దు గంటకు 100. వానలో ఆ హద్దు కూడా ఎక్కువే. నీళ్లు నిలిచిన చోట టైరు నీటి మీద తేలితే నాలుగు చక్రాలకూ రోడ్డు అందదు, ఈఎస్‌సీ ఏ చక్రానికి బ్రేక్ వేసినా ఫలితం ఉండదు. స్టీరింగ్ ఉన్నట్టుండి తేలికైపోతే అదే గుర్తు. యాక్సిలరేటర్ మెల్లగా వదిలి, స్టీరింగ్ నేరుగా పట్టుకుని, టైర్లు మళ్లీ నేలను తాకేదాకా ఆగండి. వానలో క్రూజ్ కంట్రోల్ ఆఫ్ చేసి ఉంచండి. ఎలక్ట్రిక్ కారైతే రీజెన్‌ను, అంటే కాలు తీయగానే మోటారే బండిని నెమ్మదింపజేసే ఏర్పాటును, తక్కువ స్థాయిలో పెట్టండి, తడిలో కాలు ఒక్కసారిగా తీస్తే అది కూడా గట్టి బ్రేకు వేసినట్టే.

కోలారు, ముళబాగిలు దాటి పలమనేరు మీదుగా చిత్తూరు, తిరుపతి వెళ్లేవాళ్లకు మొగిలి ఘాట్ దిగుడు ఉంటుంది. దిగుడులో మలుపుకు ముందే, బండి నేరుగా ఉన్నప్పుడే స్పీడు తగ్గించి, చిన్న గేరులో మలుపు తిప్పండి. ఈఎస్‌సీ వాడేదీ ఆ బ్రేకులనే. దారంతా పెడల్ మీద కాలు పెట్టి దిగితే ప్యాడ్లు వేడెక్కి, అవసరమైన చోట దాని చేతిలోనూ బలం ఉండదు. తిరుమల ఘాట్‌లో టీటీడీ కనీస ప్రయాణ సమయం పెట్టింది ఊరికే కాదు.

పండక్కి ఊరెళ్లేటప్పుడు పైన క్యారియర్ మీద బియ్యం మూటలు కట్టే అలవాటుంటే మానుకోండి. బరువు పైకి పోయేకొద్దీ బోల్తా పడే అవకాశం పెరుగుతుంది, కంపెనీ ఈఎస్‌సీని సరిదిద్దింది ఆ ఎత్తును ఊహించి కాదు. బరువైనవి డిక్కీలో, వెనక సీటుకు ఆనించి, కింద పెట్టండి. వెనక టైర్లలో నిండు బరువుకు చెప్పినంత గాలి పట్టించండి.

లైటు ఆరకపోతే

బండి ఆపి, ఆఫ్ చేసి, ఒక నిమిషం తర్వాత మళ్లీ స్టార్ట్ చేయండి. కొద్ది దూరం నడిపాక కూడా వెలుగుతుంటే చూడాల్సినవి తేలిక నుంచి కష్టానికి ఈ వరసలో ఉంటాయి.

బ్యాటరీ బలహీనపడితే స్టార్ట్ చేసేటప్పుడు వోల్టేజి పడి ఒకేసారి నాలుగైదు లైట్లు వెలుగుతాయి. బ్రేక్ లైటు స్విచ్, అంటే పెడల్ పైన ఉండే చిన్న భాగం, పాడైతే బ్రేక్ వేశారో లేదో కంప్యూటర్‌కు తెలియదు. వెనక లైట్లు వెలుగుతున్నాయా అని ఎవరినైనా చూడమనండి. తర్వాత చక్రాల వేగం సెన్సర్లు. బురద పట్టడం, వైరు తెగడం, బేస్‌మెంట్‌లో ఎలుకలు కొరకడం, ఇవే ఎక్కువ. చక్రం బేరింగ్ మార్పించిన వెంటనే లైటు వెలిగితే బేరింగ్ తిరగేసి బిగించి ఉండొచ్చు. చాలా బేరింగుల్లో ఒక వైపు అయస్కాంత పట్టీ ఉంటుంది, అది సెన్సర్ వైపే ఉండాలి, చూపుకు రెండు వైపులూ దాదాపు ఒకేలా కనిపిస్తాయి.

మెకానిక్ దగ్గర స్కానర్ ఉందంటే సరిపోదు. చవక స్కానర్లు ఇంజిన్ కోడ్లే చదువుతాయి. ఏబీఎస్ మాడ్యూల్‌ను చదివే స్కానర్ ఉందా అని అడగండి, అందులో వచ్చే కోడ్లు సాధారణంగా సి అక్షరంతో మొదలవుతాయి. ఏ చక్రమో కోడ్ చెప్పాక, ముందు వైరు, సాకెట్ చూసి, ఆ తర్వాతే సెన్సర్ మార్పించండి. కోడ్ చెరిపేసి "అయిపోయింది సార్" అంటే డబ్బులిచ్చే ముందు రెండు కిలోమీటర్లు నడిపి చూడండి, సెన్సర్ లోపం కొద్ది దూరంలోనే మళ్లీ బయటపడుతుంది.

బ్రేక్ ఆయిల్ రెండేళ్లకోసారి మార్పించండి. అది గాల్లో తేమను పీల్చుకుంటుంది, వేడికి ఆవిరి బుడగలు పుట్టి పెడల్ మెత్తబడుతుంది, ఒక్కో చక్రానికి బ్రేకు వేసే హైడ్రాలిక్ యూనిట్ లోపల తుప్పు పడుతుంది. ఆ యూనిట్ మార్చాల్సి వస్తే ఖర్చు గట్టిగానే ఉంటుంది. డబ్బా మూత మీద ఏ గ్రేడు రాసుందో అదే పోయించండి. డాట్ 3, డాట్ 4 ఉన్న చోట సిలికాన్ రకం డాట్ 5 ఎప్పుడూ పోయకూడదు.

బ్యాటరీ మార్చినప్పుడు, వీల్ అలైన్‌మెంట్ చేయించినప్పుడు, స్టీరింగ్ పనులు చేయించినప్పుడు స్టీరింగ్ సెన్సర్ తన నేరు స్థానం మరిచిపోవచ్చు. బ్యాటరీ విషయంలో కొన్ని కార్లకు ఇంజిన్ నడుస్తుండగా స్టీరింగ్‌ను చివరిదాకా ఎడమకు, తర్వాత చివరిదాకా కుడికి తిప్పి, నేరుగా కొంత దూరం నడిపితే లైటు ఆరిపోతుంది. ఆరకపోతే, లేదా నేరు రోడ్డు మీద స్టీరింగ్ ఒక పక్కకు వంగి ఉంటే, స్కానర్‌తో జీరో పాయింట్ సెట్ చేయించాలి. బండి సమతలం మీద, చక్రాలు నేరుగా పెట్టి చేసే పది నిమిషాల పని అది. అలైన్‌మెంట్ షాపులో ఆ సౌకర్యం ఉందా అని బండి ర్యాంపు ఎక్కించక ముందే కనుక్కోండి.